టర్బో జీడీఐ ఇంజిన్‌లో కార్బన్: డబ్బు క్లీనింగ్ మీద పెట్టాలా, ఆయిల్ మీదా?

"సర్వీసుకి ఇస్తే డీకార్బ్ చేయించమంటున్నారు, చేయించాలా?" "క్యాచ్ క్యాన్ పెట్టిస్తే మంచిదేనా?" "ఎక్స్‌పీ100 కొట్టిస్తే సరిపోదా?" కొన్నాళ్లుగా తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు. అన్నీ ఇంజిన్‌లో పేరుకునే కార్బన్ గురించే: డీకార్బ్ అంటే దాన్ని తీసే క్లీనింగ్, క్యాచ్ క్యాన్ అంటే ఆయిల్ ఆవిరిని పట్టే డబ్బా, ఎక్స్‌పీ100 అంటే 100 ఆక్టేన్ పెట్రోలు. అడిగేవాళ్లలో ఎక్కువమంది వెన్యూ టర్బో, సెల్టోస్ టర్బో, కుషాక్, స్లావియా, టైగున్ ఓనర్లు. అందరికీ ఒకేసారి చెప్పేస్తే ఓ పని అయిపోతుంది.

అంతకంటే ముందు మీ కారుకి అసలు ఈ గొడవ ఉందో లేదో చూసుకోండి. టర్బో పెట్రోలు అయినంత మాత్రాన డైరెక్ట్ ఇంజెక్షన్ (అదే జీడీఐ) అని కాదు. నెక్సాన్ 1.2 టర్బో, మాగ్నైట్, కైగర్‌లలోని 1.0 టర్బో పోర్ట్ ఇంజెక్షన్‌వే. ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓలో అయితే రెండు రకాలూ ఉన్నాయి: 111 పీఎస్ ఇంజిన్ పోర్ట్ ఇంజెక్షన్, 131 పీఎస్ ఇంజిన్ డైరెక్ట్. కర్వ్‌లోనూ ఇంతే, రెవోట్రాన్ పోర్ట్, హైపీరియన్ డైరెక్ట్. పోర్ట్ ఇంజెక్షన్ వాళ్లు ఇక్కడితో ఆపేసి హాయిగా వేరే పని చూసుకోవచ్చు.

మిగతావాళ్ల సంగతి ఇదీ. పోర్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వు (సిలిండర్‌లోకి గాలి వెళ్లే తలుపు) వీపు మీదుగా పోతుంది కాబట్టి వాల్వు ఎప్పటికప్పుడు కడిగినట్టు ఉంటుంది. జీడీఐలో ఇంజెక్టర్ 200 నుంచి 350 బార్ ప్రెషర్‌తో నేరుగా సిలిండర్‌లోకే కొడుతుంది. వాల్వు వీపుకి పెట్రోలు చుక్క కూడా తగలదు. తగిలేదల్లా గాలి, దానితో పాటు క్రాంక్‌కేసు (ఇంజిన్ అడుగు భాగం) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి. వేడి వాల్వు మీద ఆ ఆయిల్ కాలి, దాని మీద ఇంకో పొర కాలి, చివరికి అడుగంటి మాడిన పాలగిన్నెలా తయారవుతుంది. బోరోస్కోప్ (సన్నటి గొట్టం కెమెరా) పెట్టి చూస్తే ఈ పెచ్చు వాల్వు కాడ చుట్టూ గడ్డకట్టి కనిపిస్తుంది. పైన తడిగా నూనె జిడ్డు, కింద గట్టి నల్లటి పొర, స్క్రూడ్రైవర్‌తో గీకితే పలుకులుగా లేస్తుంది. అంటే అక్కడ పేరుకునే సరుకు ప్రధానంగా పెట్రోలుది కాదు, ఇంజిన్ ఆయిల్‌ది. ఈ ఒక్క విషయం పట్టుకుంటే ఏది మేలో చాలావరకు తేలిపోతుంది.

ఖరీదైన పెట్రోలు, బాటిల్ అడిటివ్‌ల సంగతి రెండు ముక్కల్లో. అవి ఇంజెక్టర్ ముక్కునీ పిస్టన్ తలనీ శుభ్రంగా ఉంచుతాయి, అది మంచిదే. ఇన్‌టేక్ వాల్వుని అవి తాకనే తాకవు. ఆక్టేన్ 95 అయినా 100 అయినా అంతే. ఈ20 వల్ల వాల్వుల మీద కార్బన్ ఎక్కువవుతుందా అని భయపడేవాళ్లకీ ఇదే జవాబు: అక్కడికి చేరని ఇంధనం అక్కడ మసి చేయలేదు.

గ్యారేజీల్లో మెషీన్ పెట్టి చేసే హైడ్రోజన్ డీకార్బ్ కూడా ఇంతే. ఆ గ్యాస్ మండేది వాల్వు దాటి సిలిండర్‌లోకి వెళ్లాక. వాల్వు వీపు మీద గట్టిపడ్డ పెచ్చుని అది ఊడగొట్టడానికి దారి నాకైతే కనిపించడం లేదు. చేయించాక ఇంజిన్ స్మూత్‌గా ఉందంటారు కొందరు. అదే రోజు ఆయిల్, ప్లగ్గులు కూడా మార్చి ఉంటారు కదా.

ఇన్‌టేక్‌లోకి కొట్టే స్ప్రేలు కొంచెం నయం. ఇవి వాల్వు దాకా వెళ్తాయి. పీఈఏ అనే క్లీనింగ్ రసాయనం ఉన్న స్ప్రే అయితే, పొర పలచగా ఉన్నప్పుడే ఏడాదికోసారి వాడితే మెత్తబరుస్తుంది. లక్ష కిలోమీటర్ల పెచ్చు మీద కొడితే పెద్దగా ఫలితం ఉండదు. టర్బో కార్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. స్ప్రే లోపలికి వెళ్లే గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సార్ మీద పడకూడదు, టర్బోలోంచి పోకుండా థ్రాటిల్ దగ్గర కొట్టగలిగితే మేలు. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ 1.0 టీఎస్ఐలో టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోనే ఇమిడి ఉంటుంది. థ్రాటిల్ దగ్గర కొట్టినా సగం మందు ఆ రెక్కల మీదే ఆగిపోతుంది.

ఇక క్యాచ్ క్యాన్. ఆలోచన మాత్రం సరైనదే: ఆయిల్ ఆవిరి ఇన్‌టేక్‌కి చేరకముందే దారిలో పట్టేయడం. క్యాన్ విప్పి ఒంపితే గోధుమరంగు నీళ్లు, పెట్రోలు వాసన వేసే జిడ్డు బయటపడతాయి. చూడగానే "ఇదంతా నా వాల్వుల మీదికి పోయేదా" అనిపించి డబ్బులు వచ్చేసినట్టే అనిపిస్తుంది. అందులో ఎక్కువ భాగం నీళ్లే అన్నది వేరే మాట. అసలు ఇబ్బంది ఏమిటంటే, టర్బో ఇంజిన్‌లో క్రాంక్‌కేసు ఆవిరికి రెండు దారులుంటాయి. మామూలుగా పోతున్నప్పుడు నేరుగా మానిఫోల్డ్‌లోకి, బూస్ట్ ఎక్కినప్పుడు టర్బో ముందు పైపులోకి. మార్కెట్‌లో దొరికే చవకరకం ఒకే గొట్టం క్యాన్ ఒక్క దారినే కాస్తుంది. రెండు దారులనీ కాసినా, వాల్వు గైడ్ సందుల్లోంచి దిగే కొద్దిపాటి ఆయిల్‌నీ, రెండు వాల్వులూ కాసేపు కలిసి తెరుచుకున్నప్పుడు వెనక్కి తన్నే పొగనీ ఏ క్యానూ ఆపదు. నిండిన క్యాన్ ఒంపడం మర్చిపోతే కథ మళ్లీ మొదటికి. వారంటీలో ఉన్న కారుకి బిగిస్తే రేపు టర్బోకి ఏమైనా అయినప్పుడు సర్వీస్ సెంటర్‌తో వాదన ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వారంటీ అయిపోయి, రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పు) చేయించి గట్టిగా తోలేవాళ్లకైతే రెండు దారుల క్యాన్ వద్దనను.

నా లెక్కలో తేల్చేది ఆయిలే. పైన చెప్పిన దారులన్నిటిలోంచీ వెళ్లేది అదే కాబట్టి, అది తక్కువ ఆవిరైతే అన్ని దారుల్లోనూ తక్కువే పోతుంది. ఆయిల్ ఎంత ఆవిరవుతుందో చెప్పే కొలత ఉంది, నోయాక్ అంటారు. 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి ఎంత శాతం బరువు ఎగిరిపోయిందో చూస్తారు. అమెరికా ఏపీఐ ఎస్‌పీ గ్రేడుకి 15 శాతం దాకా ఒప్పుకుంటారు. యూరప్ ఏసీఈఏ సీ3 లాంటి గ్రేడుల్లో 13 శాతమే హద్దు. మంచి సింథటిక్‌లు 10 దగ్గర్లో ఉంటాయి. డబ్బా మీద ఇది రాయరు, కంపెనీ డేటా షీట్‌లో వెతకాలి. షీట్‌లోనూ లేకపోతే నేనైతే ఆ ఆయిల్ పక్కన పెట్టేస్తాను. మాన్యువల్ ఏపీఐ గ్రేడు అడిగితే పోసేది ఎస్‌పీ లేదా దానికంటే కొత్తదే అయి ఉండాలి, ఎందుకంటే చిన్న టర్బో ఇంజిన్‌లలో తక్కువ ఆర్పీఎం దగ్గర పెట్రోలు-గాలి మిశ్రమం ముందుగానే అంటుకునే జబ్బుకి, అదే ఎల్‌ఎస్‌పీఐకి, ఆ గ్రేడు కాపు కాస్తుంది. గ్రేడు, చిక్కదనం విషయంలో మాన్యువల్ చెప్పినదే చట్టం. నోయాక్ మంచిదని 0డబ్ల్యూ-20 పోయాల్సిన చోట 5డబ్ల్యూ-40 పోయకండి. ఇంకోటి, మంచి ఆయిల్ పేరుతో నకిలీ డబ్బాలు తిరుగుతుంటాయి, కొనేచోటు చూసుకోండి.

ఆయిల్ ఏదన్నదానికంటే ఎప్పుడు మారుస్తున్నామన్నది ఇంకా పెద్ద విషయం. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్‌లు 15,000 కిలోమీటర్లు లేదా ఏడాది అంటాయి, హ్యుందాయ్, కియాలు 10,000 లేదా ఏడాది. మాన్యువల్‌లో దాని పక్కనే ఇంకో పట్టిక ఉంటుంది, కష్టమైన వాడకం కింద. హ్యుందాయ్ మాన్యువల్‌లో ఆ జాబితా చదివితే నవ్వొస్తుంది: 8 కిలోమీటర్లలోపు చిన్న ట్రిప్పులు, ఎక్కువసేపు ఐడిలింగ్, దుమ్ము రోడ్లు, 32 డిగ్రీలు దాటిన ఎండలో భారీ ట్రాఫిక్. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్లొచ్చే మనిషి, బెజవాడ బెంజ్ సర్కిల్‌లో మేలో ఆగే మనిషి, వీళ్లందరిదీ కష్టమైన వాడకమే. అంటే మనకి వర్తించేది ఆ రెండో పట్టికే, అందులో గడువు దాదాపు సగానికి దిగుతుంది.

దీనికి కారణం కూడా ఆయిల్‌లోనే ఉంది. చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు సిలిండర్ గోడలకి తగిలి, పిస్టన్ రింగుల పక్కనుంచి సంప్‌లోకి (ఆయిల్ ఉండే తొట్టిలోకి) దిగుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తే అది ఎగిరిపోయే అవకాశం ఉండదు, ఆయిల్ పలచబడుతూ పోతుంది. పలచబడ్డ ఆయిల్ నుంచి ఆవిరీ ఎక్కువ, బ్లో-బైతో (రింగుల పక్కనుంచి జారే గ్యాస్‌తో) కలిసి వాల్వుల మీదికి పోయేదీ ఎక్కువ. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన గుప్పుమంటే, లెవెల్ తగ్గాల్సింది పోయి పెరిగినట్టుంటే, మీ ఆయిల్ టైమ్ అయిపోయింది, ఓడోమీటర్ ఏం చెప్పినా సరే.

అందుకే నా కారుకి ఏడాదికి రెండుసార్లు ఆయిల్, ఫిల్టర్ మార్పిస్తున్నాను. డీకార్బ్‌కి అడిగిన డబ్బుతో పోలిస్తే అదనపు ఆయిల్ మార్పు ఖర్చు పెద్దగా తేడా లేదు. పైగా టర్బో బేరింగులు, ఉంటే టైమింగ్ చెయిన్, రింగులు కూడా దాంతోనే బాగుంటాయి. ఇది మిగతా ఏ ఆప్షన్‌లోనూ రాని లాభం.

హైవే మీద గట్టిగా తోలితే వాల్వులు శుభ్రమవుతాయన్న మాట సగమే నిజం. ఇన్‌టేక్ వాల్వు వీపు అంత వేడెక్కదు, ఎక్కిన పెచ్చు దానంతటది కాలిపోదు. కానీ హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా ఒక్క తోలు తోలితే సంప్‌లో చేరిన పెట్రోలూ నీళ్లూ ఎగిరిపోతాయి. వారమంతా చిన్న ట్రిప్పులే అయితే వారాంతంలో ఓఆర్ఆర్ మీద ఓ అరగంట తిప్పడం ఆ మేరకు పనికొస్తుంది. పార్కింగ్‌లో ఏసీ వేసుకుని గంటసేపు ఇంజిన్ ఆన్‌లో ఉంచడం మాత్రం మానుకోండి.

ఇవన్నీ ఇకముందు పేరుకోకుండా. ఇప్పటికే గట్టిగా పేరుకుంటే నమ్మకంగా తీసేది వాల్‌నట్ బ్లాస్టింగ్. మానిఫోల్డ్ విప్పి, ఒక్కో సిలిండర్ వాల్వులు మూసుకునేలా క్రాంక్ తిప్పి, అక్రోటు పెంకు పొడిని కంప్రెసర్ గాలితో కొట్టి, వ్యాక్యూమ్‌తో లాగేస్తారు. పెంకు పొడి కార్బన్ కంటే గట్టి, ఇనుము కంటే మెత్తన, అందుకే వాల్వు మీద గీతలు పడవు. బీఎండబ్ల్యూ ఎన్54 ఇంజిన్‌లతో దీనికి పేరొచ్చింది. మన దగ్గర చేసే గ్యారేజీలు తక్కువే, ఉన్నవీ పెద్ద ఊళ్లలోనే. 1.0 టీఎస్ఐ అయితే ఇంటర్‌కూలర్ కూలెంట్ పైపులు కూడా విప్పాలి కాబట్టి అలవాటున్న చెయ్యి కావాలి.

దాన్ని నివారణగా చేయించడం మాత్రం అనవసరం. చల్లటి స్టార్ట్‌లో వణుకు, ఐడిల్‌లో మిస్‌ఫైర్, పికప్ తగ్గడం కనిపిస్తే ముందు ప్లగ్గులు, కాయిల్స్ చూపించండి, చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది. అవి బాగుండి కూడా వణుకు పోకపోతే బోరోస్కోప్ ఫోటోలు తీయించండి, నాలుగు వాల్వులైనా సరే. పని అయ్యాక అవే వాల్వుల ఫోటోలు మళ్లీ అడగండి. తీయడం కుదరదన్న గ్యారేజీలో మానిఫోల్డ్ విప్పనివ్వకండి.