వాల్జూ 7733: 58వ సెకను దగ్గర తేలే సంగతి

వాల్జూ 7733 అంటే కీ ఇచ్చి నడిపే స్విస్ క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ ఉన్న చేతిగడియారం) లోపలి యంత్రం. ఈ మూవ్‌మెంట్ మీద నాకున్న ఇష్టమంతా క్రోనోగ్రాఫ్ నిమిషాల ముల్లు దగ్గరే. సెకన్ల ముల్లు 60కి చేరువవుతుంటే కుడివైపు చిన్న డయల్లో ముల్లు కొంచెం కదులుతుంది, నిలబడినట్టే ఉంటుంది, అంతలోనే టక్కున పక్క గీత మీదికి దూకుతుంది. ఏళ్ల తరబడి వాడుతున్నా ఆ ముచ్చట తీరలేదు.

మొరాయించిందీ సరిగ్గా అక్కడే. క్రోనోగ్రాఫ్ ఆపి ఉంచితే టైము చక్కగా చూపేది. నడిపిస్తే మాత్రం 58వ సెకను దగ్గర ఆగేది, చేయి కదిపితే మళ్లీ నడిచేది. నిండా కీ ఇచ్చినప్పుడు ఈ జబ్బు కనపడదు. మర్నాటికి స్ప్రింగ్ బలం తగ్గాక బయటపడుతుంది. అందుకే కొనేముందు సగం కీ మీద పది నిమిషాలు క్రోనోగ్రాఫ్ నడిపించి చూడాలి.

క్రోనోగ్రాఫ్ సెకన్ల చక్రానికున్న చిన్న వేలు నిమిషానికోసారి మధ్యచక్రం పంటిని నెడుతుంది. నిమిషాల చక్రం కదలాలంటే దాన్ని పట్టి ఉంచిన జంపర్ స్ప్రింగ్ లేవాలి. దానికి కావలసిన బలం బాలెన్స్‌కి, అంటే అటూ ఇటూ ఊగుతూ వాచీని నడిపే చక్రానికి, అందాల్సిన బలంలోంచే పోతుంది. జంపర్ బిగువు ఎక్కువైనా, వేలు పంట్లోకి మరీ లోతుగా దిగినా వాచీ ఆగుతుంది. పైపైనే తగిలితే నిమిషం లెక్క తప్పుతుంది. నా దాంట్లో లోతే ఎక్కువ. మధ్యచక్రం మీటకు ఆనుకున్న ఎక్సెంట్రిక్ స్క్రూ (తిప్పితే మీటను కాస్త జరిపే, కేంద్రం పక్కకున్న స్క్రూ) పాత స్థానాన్ని సూదితో గుర్తు పెట్టుకుని, వెంట్రుకవాసి తిప్పితే సరిపోయింది. ఈ చక్రాల పళ్లకు మాత్రం నూనె వేయించకండి, అది చిక్కబడితే కొత్త జబ్బు మొదలవుతుంది.

58 దగ్గర కాకుండా బటన్ నొక్కగానే ఆంప్లిట్యూడ్ (బాలెన్స్ ఊగే కోణం) బాగా పడిపోతే తప్పు వేరేచోట ఉంది. సెకన్ల చక్రాన్ని ఒత్తిపట్టే పలచటి స్ప్రింగ్ చూడాలి. బిగువైతే వాచీ నీరసిస్తుంది, వదులైతే ముల్లు వణుకుతుంది. ఆంప్లిట్యూడ్ 20, 30 డిగ్రీలు తగ్గడం మాత్రం మామూలే.

క్రోనోగ్రాఫ్‌ని నడిపి ఆపే కాలమ్ వీల్ (స్తంభాల్లాంటి పళ్లున్న చక్రం) దీంట్లో లేదు, దాని బదులు కామ్ ఉంది. అయినా పనిలో లోటేమీ లేదని నేను చాలామందికి చెప్పాను, ఇప్పటికీ అదే మాట. కాకపోతే స్టార్ట్ నొక్కు మొరటుగానే ఉంటుంది, వేలికి మెత్తదనం కావాలనుకునేవాళ్లకు నచ్చకపోవచ్చు. విడిభాగాలు సులువుగా దొరుకుతాయన్న మాటకూ ఒక మెలిక ఉంది: తేదీ ఉన్న 7734 నుంచి క్రోనోగ్రాఫ్ భాగాలు చాలావరకు తెచ్చుకోవచ్చు కానీ, నాలుగో చక్రం ఇరుసుకు బిగించిన, క్రోనోగ్రాఫ్‌కి కదలిక అందించే డ్రైవింగ్ వీల్‌ని సరైన పుల్లర్ (చక్రాన్ని నిటారుగా పైకి లాగే పనిముట్టు) లేకుండా ఎవరైనా పీకి ఉంటే ఆ ఇరుసే విరిగి ఉండొచ్చు. వెనక మూత తీయించకుండా కొనకపోవడం మేలు.

నేను వాడేది నీడపట్టున, వంటకీ నడకకీ టైము చూసుకోవడానికి. ఎక్సెంట్రిక్‌ల జోలికి జాగ్రత్తగా వెళ్లే మెకానిక్ అందుబాటులో ఉన్నాడు. ఈ రెండూ ఉన్నాయి కాబట్టి నాకు ఇది చాలు. రోజూ చెమటలో, వానలో తిరిగే చేతికైతే దీన్ని కొనమని చెప్పను.