పాత విండ్‌సర్ఫింగ్ బోర్డుకు ఎల్-12 ఎపాక్సీ: మన ఎండకు, ఉప్పుగాలికి ఆగుతుందా?

మైపాడు నుంచి కొత్తపట్నం దాకా ఫైబర్ బోట్లు ఉన్న ఏ ఊళ్లో అడిగినా ఫైబర్ పని తెలిసినవాళ్లు దొరుకుతారు. బోటుకు చిల్లి పడితే జీపీ రెజిన్, గ్లాస్ పోగుల మ్యాట్, రెజిన్‌ను గట్టిపరిచే కోబాల్ట్, క్యాటలిస్ట్ తెచ్చి పూటలో మూసేస్తారు. అందుకే తెరచాప బిగించి అలల మీద నడిపే పాత విండ్‌సర్ఫింగ్ బోర్డు చేతికొచ్చిన కొత్తవాళ్లు కూడా ముందు ఆ సామానే కొంటారు. చాలా బోర్డుల కథ అక్కడితో సరి. జీపీ అంటే పాలియెస్టర్ రెజిన్, అందులో స్టైరీన్ అనే ద్రావకం ఉంటుంది. బోర్డు లోపల ఉండేది థర్మకోల్ అయితే స్టైరీన్ తగలగానే అది కరిగిపోతుంది. పైన అతుకు నున్నగా, గట్టిగా కనిపిస్తుంది, కింద మాత్రం ఖాళీ గుంత. రెండోసారి కాలు పెట్టేసరికి దిగబడుతుంది.

దానికి బదులు మన దేశంలో తేలిగ్గా దొరికేది లాపాక్స్ ఎల్-12 ఎపాక్సీ రెజిన్, దాన్ని గట్టిపరిచే కె-6 హార్డెనర్ జోడీ. థర్మకోల్‌ను కరిగించదు, పాలియెస్టర్ కంటే గట్టిగా పట్టుకుంటుంది, నీళ్లు తక్కువ పీలుస్తుంది. బోర్డుల కోసమని తయారైంది కాదు, అన్నిటికీ వాడే మామూలు ఎపాక్సీ. అయినా మొదటిసారి మరమ్మతు చేసేవాళ్లకు చాలు. లోపాలు లేకపోలేదు, వరసగా చెబుతాం.

డబ్బా కొనే ముందు మీ బోర్డు దేనితో చేసిందో తేల్చుకోండి. దెబ్బ తగిలిన చోట చిన్న ముక్క గిల్లి చూడండి. తెల్లటి పూసలుగా విడిపోతే థర్మకోల్, అంటే ఈపీఎస్. పసుపుగా ఉండి వేళ్ల మధ్య పొడైతే పీయూ (పాలీయురేథేన్) ఫోమ్. అనుమానం తీరకపోతే ఆ ముక్కను మూతలో వేసి రెండు చుక్కల పెట్రోలు పోయండి. థర్మకోల్ అయితే కుంగి జిగురవుతుంది, పీయూ చెక్కుచెదరదు. బోర్డు మీద మాత్రం పోయకండి. ఇక పైతొడుగు. చాకుతో గీకితే మైనంలా పొర లేచి, మంట చూపితే కొవ్వొత్తి వాసన వస్తే అది పాలిథీన్. తొలితరం బోర్డుల్లో ఈ రకం బాగా ఎక్కువ. దానికి ఏ ఎపాక్సీ కూడా అంటదు, డబ్బు దండగ. నీళ్ల ట్యాంకులు అతికే ప్లాస్టిక్ వెల్డింగ్ ఒక్కటే దారి. ఏబీఎస్ తరహా గట్టి ప్లాస్టిక్ తొడుగైతే ఎపాక్సీ పడుతుంది గానీ అసిటోన్‌తో తుడవకూడదు, పైపొర మెత్తబడి పాడవుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి.

రెండో పరీక్ష నీళ్లది. రూపాయి బిళ్లతో బోర్డంతా తట్టుకుంటూ పోండి. ఖంగున మోగితే బాగుంది, మొద్దుగా మోగితే లోపల తొడుగు ఫోమ్ నుంచి విడిపోయినట్టు. చిల్లి కనిపించకపోతే బోర్డును పొద్దున నీడలోంచి తీసి ఎండలో పెట్టి, సబ్బునీళ్లు కుంచెతో రాయండి. లోపలి గాలి వేడికి వ్యాకోచించి చిల్లి ఉన్నచోట బుడగలు తేలతాయి. బోర్డు లోపలి గాలి వదలడానికి పెట్టిన మర (వెంట్ స్క్రూ) ఉంటే ఈ పరీక్షకు బిగించి ఉంచాలి, తర్వాత ఎండలో ఉన్నంతసేపూ తీసెయ్యాలి. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో గాలి కొట్టించే ఆలోచన మాత్రం వద్దు, తొడుగు మొత్తం లేచిపోతుంది. ఎక్కువగా కారేది అడుగున రెక్క బిగించే ఫిన్ బాక్స్ అంచుల్లో, తెరచాప కొయ్య బిగించే మాస్ట్ ట్రాక్ చుట్టూ, పాదాలు దూర్చే కాలిపట్టీల మరల దగ్గర. ముక్కు మీది పెద్ద దెబ్బను చూసి ఇవి మర్చిపోతారు.

నీళ్లు తాగిన బోర్డును ఆరబెట్టడం దగ్గర తొందర పనికిరాదు. మెత్తబడిన తొడుగు కోసేసి, కోసిన వైపు కిందికి వచ్చేలా నీడలో, గాలి ఆడేచోట నిలబెట్టండి. వారానికోసారి కాటా మీద తూచి రాసుకోండి. వరసగా రెండు వారాలు బరువు మారకపోతే ఆరినట్టు. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తడి, అప్పుడు మొదలుపెడితే ఆరదు. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి, ఎండలు ముదరకముందే ముగించడం మేలు.

ఇప్పుడు అసలు సరుకు సంగతి. ఎల్-12కు కె-6 పాళ్లు బరువులో 100కు 10. కొలతలో కాదు, బరువులోనే. హార్డెనర్ తేలిక కాబట్టి మిల్లీలీటర్లలో పోస్తే 100కు సుమారు 12 పడుతుంది. 0.1 గ్రాము చూపే చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి. ఫైబర్ పనివాళ్లను పిలిచి చేయించుకునేవాళ్లు ఇక్కడే కన్నేసి ఉంచాలి. పాలియెస్టర్‌కు క్యాటలిస్ట్ ఒకటి రెండు శాతం వేస్తారు, త్వరగా గట్టిపడాలంటే కాస్త ఎక్కువ వేస్తారు. ఆ అలవాటుతో కె-6 ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడటం అటుంచి, మిగిలిన హార్డెనర్ లోపలే ఉండిపోయి అతుకు బలహీనమవుతుంది. తక్కువైతే ఎప్పటికీ జిగురే. అన్నట్టు పాలియెస్టర్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక: కోబాల్ట్, క్యాటలిస్ట్ రెండూ నేరుగా కలిపితే పేలిపోతాయి. ముందు కోబాల్ట్ రెజిన్‌లో పూర్తిగా కలిశాకే క్యాటలిస్ట్.

గ్లాసులో కలిపిన 100 గ్రాముల ముద్ద 25 డిగ్రీల వేడిలో అరగంట దాకా పనికొస్తుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ సమయం ఇంచుమించు సగమవుతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం కలిపితే కుంచె ముంచేలోపే గ్లాసు పొగలు కక్కుతుంది. తెల్లవారుజామున పని పెట్టుకోండి. ఒక్కో విడతకు 50 గ్రాముల రెజిన్, 5 గ్రాముల హార్డెనర్ చాలు. మూడు నిమిషాలు అంచులు, అడుగు గీకుతూ కలిపి వెంటనే వెడల్పాటి పళ్లెంలోకి వంచేయండి. పలచగా పరుచుకుంటే లోపలి వేడి బయటికి పోతుంది. మిగిలింది వేడెక్కితే ఇసుకలో పోయండి, చెత్తబుట్టలో వేయకండి.

లోతైన గుంతను ఒట్టి ఎపాక్సీతో నింపడం కొత్తవాళ్లు చేసే రెండో తప్పు. చిక్కగా ఒకచోట పోసిన ఎపాక్సీ తన వేడితోనే థర్మకోల్‌ను కరిగించేస్తుంది. గ్లాస్ మైక్రోబెలూన్లు, అంటే సన్నటి బోలు గాజుపూసల పొడి కలిపి, గరిటెతో ఎత్తితే జారని గట్టి గారెల పిండిలా చేసుకుని, విడతకు అర సెంటీమీటరు మందం మించకుండా నింపండి. గుంత పెద్దదైతే పీయూ ఫోమ్ ముక్క చెక్కి అమర్చి, చుట్టూ సందులు మాత్రమే దీనితో పూడ్చండి. కారు పెయింటర్లు వాడే లప్పం వద్దు, అదీ పాలియెస్టరే, పైగా అందులోని టాల్క్ నీళ్లు పీలుస్తుంది. ఎంసీల్ ఇల్లు చేరేదాకా ఆగే తాత్కాలిక అతుకుకు పర్వాలేదు గానీ బరువెక్కువ.

పైన వేసే గ్లాస్ గుడ్డ విషయంలో అంగడివాళ్లు చేతికిచ్చేది 450 గ్రాముల మ్యాట్. అందులో పోగులను పట్టి ఉంచే బైండర్ చాలా రకాల్లో స్టైరీన్‌కు కరిగేలా ఉంటుంది, ఎపాక్సీలో కరగదు. ఫలితం, మ్యాట్ బిగుసుకునే ఉండి వంపుల దగ్గర లేస్తుంది, కింద గాలి నిలుస్తుంది. నేసిన గుడ్డే అడగండి, చదరపు మీటరుకు 200 గ్రాములది. దెబ్బ చుట్టూ రెండంగుళాల మేర 60 నంబరు ఎమరీ పేపరుతో ఏటవాలుగా అరగదీయండి. మొదటి గుడ్డ చిల్లి కంటే అంగుళం చుట్టూ ఎక్కువ, రెండోది రెండంగుళాలు ఎక్కువ. గుడ్డ పారదర్శకంగా మారితే రెజిన్ సరిపోయినట్టు, తెల్లమచ్చ ఉంటే అక్కడ పొడిగా ఉంది. మెరుస్తూ మడుగు కట్టిందంటే ఎక్కువైంది, పాత ఫోన్ కార్డుతో లాగేయండి. పైన ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) పరిచి రుద్దితే నున్నగా వస్తుంది, అరగదీసే పని సగం తప్పుతుంది.

కె-6 మీద మాకున్న పెద్ద ఫిర్యాదు ఉప్పుగాలి తేమే. తేమ ఎక్కువున్న రోజు ఆరిన ఎపాక్సీ మీద మైనంలాంటి జిడ్డుపొర వస్తుంది. దాన్ని కడక్కుండా పేపరు పడితే జిడ్డు గీతల్లోకి దిగి, పైన వేసే పెయింటు పెచ్చులుగా ఊడుతుంది. ముందు నీళ్లు, స్క్రబ్బర్‌తో కడిగి తుడిచాకే 80, 120, 220 నంబర్లు, చివర 400 వాటర్ పేపరు. 24 గంటలు ఆగితే అరగదీయొచ్చు, పూర్తి బలానికి వారం పడుతుంది. ఇంకొకటి, కె-6 అమైన్ హార్డెనర్, చర్మానికి పడదు. ఇవాళ ఏమీ కాకపోయినా తాకుతూ పోతే ఒకరోజు ఒళ్లంతా దద్దుర్లు తేలతాయి, ఆ తర్వాత ఆ మనిషి జీవితాంతం ఎపాక్సీ దగ్గరికి రాలేకపోవచ్చు. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి. చేతికంటితే సబ్బునీళ్లు, థిన్నర్ వద్దు. గ్లాస్ ధూళికి మాస్కు, పొడుగు చేతుల చొక్కా.

మూడో లోపం ఎండ. ఎపాక్సీ ఎండకు పసుపెక్కి క్రమంగా పొడిగా రాలుతుంది, పెయింటు తప్పనిసరి. కార్ల రెండు భాగాల పీయూ పెయింటు బాగా నిలుస్తుంది. రంగు తెలుపే వేయండి. మామూలు వేడిలో గట్టిపడిన ఎపాక్సీ మరీ కాలితే మెత్తబడుతుంది, ముదురు రంగు బోర్డు మన ఇసుక మీద ఆ స్థితికి తేలిగ్గా వస్తుంది. కాళ్లు పెట్టేచోట జారకుండా ఉండాలంటే తడి పెయింటు మీద సన్న పంచదార చల్లి, ఆరాక నీళ్లతో కడిగేయండి. పలుకులు కరిగిపోయి గరుకు మిగులుతుంది. సముద్రపు ఇసుక చల్లితే మోకాళ్లు గీసుకుపోతాయి.

కాలిపట్టీల మరలు వదులైతే ఆ రంధ్రాన్ని పెద్దది చేసి, తరిగిన గ్లాస్ పోగులు కలిపిన ఎపాక్సీ నింపి, వారం తర్వాత కొత్త రంధ్రం వేయండి. మరలు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి. మాస్ట్ అడుగున ఉండే రబ్బరు జాయింటును వంచి చూడండి, సన్న పగుళ్లు కనిపిస్తే మార్చాల్సిందే, అతకడం ఉండదు.

ముక్కు దెబ్బ, రెండు మూడు చిల్లులు ఉన్న బోర్డుకు కిలో ఎల్-12, 100 గ్రాముల కె-6, మీటరున్నర గుడ్డ, 200 గ్రాముల మైక్రోబెలూన్లు సరిపోతాయి. నెల్లూరు, ఒంగోలులో ఫైబర్ సామాను అంగళ్లలో చెప్పి తెప్పించుకోవాల్సి రావొచ్చు. లేబులు మీద పేరు చూసి తీసుకోండి, విడిగా సీసాలో పోసిచ్చే "ఎపాక్సీ హార్డెనర్" వద్దు, ఏ హార్డెనరో తెలియకపోతే పాళ్లూ తెలియవు. కె-6 మూత వాడిన వెంటనే బిగించండి. గాలి తేమ పీల్చి చిక్కబడిన సీసాతో అతికిన అతుకు మీద నమ్మకం పెట్టుకోకండి.