మూడేళ్లు వాడిన ‘ఆడియోఫైల్’ స్విచ్: పాత సమీక్షకు నా దిద్దుబాటు

ఈ పెట్టె గురించి నేను రాస్తున్న రెండో సమీక్ష ఇది. మొదటిది మూడేళ్ల నాలుగు నెలల క్రితం, కొన్న మూడో వారంలో రాశాను. ‘వీణ మీటిన తర్వాత నాదం గాలిలో కరిగిపోయే తీరును మొదటిసారిగా విన్నాను’ అనే వాక్యం అందులో ఉంది. ఆ వాక్యం చదివే కొన్నామని ఇద్దరు నాతో చెప్పారు. వాళ్లకు నేను బాకీ పడ్డాను.

పెట్టె అంటే నెట్‌వర్క్ స్విచ్. రౌటర్ నుంచి వచ్చే తీగను నాలుగైదు పరికరాలకు పంచిపెట్టే, ఎనిమిది పోర్టుల వస్తువు. దీన్ని ‘ఆడియోఫైల్’ల కోసమే, అంటే ధ్వని నాణ్యతను పట్టిపట్టి సంగీతం వినేవాళ్ల కోసమే, తయారు చేశామని కంపెనీ అంటుంది. దీని ధర, అదే పని చేసే మామూలు స్విచ్ ధరకు పాతిక రెట్లు. దీని వెనకే వెండి పూత యూఎస్‌బీ కేబుల్ వచ్చింది, కంప్యూటర్‌కు లీనియర్ పవర్ సప్లై (బరువైన ట్రాన్స్‌ఫార్మర్‌తో కరెంటు ఇచ్చే పెట్టె) వచ్చింది, ‘సంగీతానికి మాత్రమే’ అని ముద్ర ఉన్న ఎస్‌ఎస్‌డీ, అంటే ఫైళ్లు దాచే డ్రైవు, వచ్చింది, చివరికి లోహపు తొడుగుల నెట్‌వర్క్ తీగలూ వచ్చాయి. ఒకటి కొన్నాక రెండోది కొనకపోతే మొదటిది వృథా అయినట్టు అనిపించేది. ఈ వ్యాపారం నడిచేది ఆ భావన మీదేనని ఆలస్యంగా అర్థమైంది.

కొనడానికి ఒక కారణం మాత్రం నిజంగానే ఉంది. నా స్పీకర్లలో ఒక రొద వచ్చేది. పాట ఆగినప్పుడు సన్నని ఈల, మౌస్ కదిపితే గొంతు మార్చుకునే గరగర. దానికి విరుగుడు వెతుకుతూ బయలుదేరి ఈ అంగట్లో చిక్కుకున్నాను. రొద కథ తర్వాత చెబుతాను.

ముందు ‘బర్న్ ఇన్’ సంగతి, అంటే కొత్త పరికరాన్ని కొన్ని గంటలు నడిపితే ధ్వని మెరుగుపడుతుందనే నమ్మకం. పెట్టెతో వచ్చిన కాగితంలో ‘పూర్తి ఫలితం కోసం 400 గంటలు నడపండి’ అని ఉంది. రాత్రీ పగలూ ఆపకుండా నడిపినా అది పదహారు రోజుల పైమాటే. నచ్చకపోతే వాపసు ఇచ్చే గడువు పద్నాలుగు రోజులు. ఈ రెండు అంకెలూ ఒకే కాగితం మీద ఎదురెదురు పుటల్లో ఉన్నాయి. నేను కూడిక తెలిసిన మనిషినే, అయినా లెక్క చేయలేదు. గంటలు గడుస్తున్నకొద్దీ ధ్వని విచ్చుకుంటోందని నమ్మాను. ఆ రోజుల్లో విచ్చుకున్నది నా చెవి. తెలిసిన పాటను రోజుకు పదిసార్లు శ్రద్ధగా వింటే, అంతకుముందు పట్టించుకోని తాళాలూ ఊపిరులూ వినపడకుండా ఎలా ఉంటాయి? పైగా కొత్త వస్తువు పెట్టిన రోజు వాల్యూమ్ కాస్త పెంచి వినడం మామూలే. ఒక డెసిబెల్ పెరిగితే చెవి దాన్ని ‘ఎక్కువ’ అనదు, ‘బాగుంది’ అంటుంది.

కంపెనీ ప్రధానంగా చెప్పుకునేది గడియారం గురించి. స్విచ్‌లో మేలురకం క్రిస్టల్ ఆసిలేటర్ పెట్టామని, దానివల్ల జిట్టర్, అంటే గడియారపు టిక్కుల్లో వచ్చే సూక్ష్మమైన తడబాటు, తగ్గుతుందని వాదన. ఆసిలేటర్ ఉన్నమాట నిజమే. వారంటీ ముగిశాక మూత తీసి చూశాను: మామూలు గిగాబిట్ చిప్, పక్కన 25 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్, చుట్టూ బోలెడంత అల్యూమినియం. అయితే నా డాక్‌లో, అంటే అంకెలను ధ్వని సంకేతంగా మార్చే పరికరంలో, సొంత గడియారాలు రెండున్నాయి. ఒకటి 22.5792 మెగాహెర్ట్జ్, రెండోది 24.576. ఇవి 44.1, 48 కిలోహెర్ట్జ్‌లకు సరిగ్గా 512 రెట్లు. అసింక్రనస్ యూఎస్‌బీ పద్ధతిలో ‘ఇప్పుడు ఇంత పంపు’ అని కంప్యూటర్‌ను ఆజ్ఞాపించేది డాకే. స్విచ్ గడియారం డేటా పొట్లాలను ఒక తీగ నుంచి ఇంకో తీగకు అందించే వరకే. ఆ పొట్లాలు కంప్యూటర్ మెమరీలో చేరి కూర్చున్నాక, అవి ఏ క్షణాన వచ్చాయో అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.

లెక్క కూడా చూడండి. సీడీ నాణ్యత సంగీతానికి సెకనుకు 1,411 కిలోబిట్లు కావాలి. గిగాబిట్ తీగ మోయగలిగేది దానికి ఏడు వందల రెట్లు. అయిదు నిమిషాల పాట కుదించకుండా ఉంచినా 53 మెగాబైట్లు, తీగ మీద సెకను పని. దారిలో ఒక బిట్ చెడితే ఈథర్‌నెట్ ఫ్రేము (నెట్‌వర్క్ తీగ మీద వెళ్లే డేటా పొట్లం) చివర ఉండే 32 బిట్ల తనిఖీ సంఖ్య పట్టేస్తుంది, ఆ ఫ్రేము చెత్తబుట్టలో పడుతుంది, డేటా అంతా చేరిందో లేదో చూసుకునే టీసీపీ పద్ధతి దాన్ని మళ్లీ తెప్పిస్తుంది. మళ్లీ వచ్చేది కాస్త మసకగానో, ‘బేస్’ తగ్గిపోయో రాదు. వస్తే ఉన్నదున్నట్టే వస్తుంది, రాకపోతే పాట ఆగుతుంది.

ఇవన్నీ నాకు మొదటినుంచీ పుస్తకజ్ఞానంగా తెలుసు. తెలిసినా కొన్నాను. కళ్లు తెరిపించింది మా అమ్మాయి. ఒకరోజు ఇల్లు ఊడుస్తూ పొరపాటున కంప్యూటర్ వెనక నెట్‌వర్క్ తీగ పీకేసింది. నా ప్లేయర్ పాట మొత్తాన్నీ ముందే మెమరీలోకి లాక్కుంటుంది కనుక వీణ ఆగలేదు. తీగ చేతిలో పట్టుకుని, ‘తీగ లేకుండానే వీణ మోగుతోందే నాన్నా!’ అంది. నవ్వాను. ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. పాట సగంలో తీగ ఊడింది, స్విచ్‌తో సంబంధం తెగింది. ధ్వని స్విచ్ వల్లే మెరుగుపడుతూ ఉంటే ఆ క్షణాన ఏదో ఒకటి మారాలి కదా? కావాలని నాలుగు రోజులు అలా పీకుతూ విన్నాను. ఏమీ మారలేదు.

అప్పుడు కళ్లకు గంతలు కట్టుకునే పరీక్ష పెట్టుకున్నాను. గంతలు మాటవరసకు. నిజానికి తలుపు అవతల మా అమ్మాయి కూర్చుంది. తన దగ్గర ఈ స్విచ్, మామూలు స్విచ్ రెండూ వెలుగుతున్నాయి. నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఒకదానికి, బొరుసు పడితే రెండోదానికి తీగ మార్చాలి. ప్రతి విడతకూ ప్లేయర్‌ను మూసి మళ్లీ తెరిచాను, లేకపోతే పాట మెమరీలోంచే వస్తుంది. విడతలు పదహారు. ఊరికే ఊహించినా ఎనిమిది దాకా సరిపోతాయి. పన్నెండు లేదా అంతకు మించి సరిగ్గా చెబితే, అది అదృష్టమయ్యే అవకాశం నాలుగు శాతానికి లోపే. నేను తొమ్మిది చెప్పాను. చెవి అలసిందని సాకు చెప్పి వారం ఆగి మళ్లీ కూర్చున్నాను. ఈసారి ఆరు.

అంకెల కంటే నన్ను ఎక్కువ కుదిపింది ఆ అమ్మాయి నోటుబుక్కు. నేను విడత విడతకూ పైకి అన్న మాటలన్నీ అడక్కుండానే రాసిపెట్టింది. అయిదో విడత: ‘గాత్రం ముందుకు వచ్చింది, వెనక చీకటి చిక్కబడింది’. పక్కన తన అక్షరాల్లో: ‘మామూలుది’. పదకొండో విడత: ‘ఇది చౌకదే, పొడిగా ఉంది’. పక్కన: ‘ఖరీదైనది’. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించే గుణం నాకు కొంత ఉంది కానీ, నా మాటలే నా ఎదుట ఉన్నాక వాదించేది ఎవరితో?

2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో మేయర్, మోరన్ అనే ఇద్దరు ప్రచురించిన ఫలితాలు నాకు కొంత ఊరట. హై రిజొల్యూషన్ డిస్కులను నేరుగా ఒకసారి, మధ్యలో సీడీ స్థాయికి దించి ఒకసారి వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరిగ్గా గుర్తించినవి 276, అంటే నాణెం ఎగరేసినట్టే. వాళ్లు సంకేతాన్ని నిజంగా మార్చి వినిపించారని గమనించండి. నా స్విచ్ బిట్లను మార్చనే లేదు.

డాక్ నుంచి వచ్చే సంకేతాన్ని రెండు స్విచ్‌లతోనూ రికార్డు చేసి, ఒకదాన్నుంచి ఇంకోదాన్ని తీసివేసి మిగిలింది కూడా విన్నాను. రికార్డు చేసే యంత్రానికీ డాక్‌కూ గడియారాలు వేరు కాబట్టి రెండు రికార్డింగులూ పొరమీద పొరగా కూర్చోవు. డెల్టావేవ్ అనే సాఫ్ట్‌వేర్ వాటిని సరిచేస్తుంది. మిగిలింది రికార్డర్ సొంత గాలిచప్పుడే. ఒకే స్విచ్‌తో రెండుసార్లు రికార్డు చేసి తీసివేసినా అంతే మిగిలింది.

ఇక రొద. ఆడియోఫైల్ వాదనల్లో కాస్తయినా పస ఉన్నది ఇక్కడే: ‘బిట్లు మారవు, ఒప్పుకుంటాం, కానీ తీగల వెంట విద్యుత్ రొద డాక్‌లోకి, అక్కణ్నుంచి యాంప్లిఫయర్‌లోకి వస్తుంది’. వస్తుంది. నా ఇంట్లోనే వచ్చింది. కంప్యూటర్‌కూ యాంప్లిఫయర్‌కూ గోడ ప్లగ్గు ద్వారా ఎర్త్ ఉంది, యూఎస్‌బీ తీగ ద్వారా, డాక్‌ను యాంప్లిఫయర్‌కు కలిపే ఆర్‌సీఏ తీగ ద్వారా మళ్లీ అదే ఎర్త్ కలుస్తుంది. ఈ వలయంలో తిరిగే కరెంటే గ్రౌండ్ లూప్. గ్రాఫిక్స్ కార్డు పని పెరిగినప్పుడల్లా ఆ వలయంలో అలజడి, అది స్పీకర్లో గరగర. సన్నని ఈలను స్పెక్ట్రమ్ మీద, అంటే ధ్వనిని పౌనఃపున్యాలుగా విడదీసి చూపే పటం మీద, చూస్తే సరిగ్గా 8 కిలోహెర్ట్జ్ దగ్గర నిలబడింది. హైస్పీడ్ యూఎస్‌బీ సెకనుకు 8,000 మైక్రోఫ్రేములుగా నడుస్తుంది, ఆ గుండెచప్పుడే నాకు వినిపించింది.

వెండి పూత కేబుల్ దీన్ని ఏం చేసింది? ఏమీ చేయలేదు. ఎంత వెండి పూసినా అందులో గ్రౌండ్ తీగ ఉండాల్సిందే, వలయం అలాగే ఉంటుంది. లోహపు తొడుగుల నెట్‌వర్క్ తీగలు ఇంకో మెట్టు ఎక్కాయి. ఈథర్‌నెట్ పోర్టుల్లో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, ప్రమాణం ప్రకారం అవి రెండు వైపుల మధ్య 1,500 వోల్టుల తేడాను తట్టుకోవాలి. మామూలు జంట తీగలైతే అటు పరికరానికీ ఇటు పరికరానికీ మధ్య విద్యుత్ బంధమే ఉండదు. నేను డబ్బు పోసి కొన్న లోహపు తొడుగు ఆ తెంపిన బంధాన్ని మళ్లీ ముడివేసింది. మామూలు తీగతో లేని సన్నని హోరు దాంతో మొదలైంది! దాన్ని స్విచ్ ‘ఇంకా బర్న్ ఇన్ కాకపోవడం’ అనుకుని రెండు నెలలు భరించాను.

ఆ తీగల మీద సంకేతం వెళ్లే దిశ చూపే బాణం గుర్తులు కూడా ఉన్నాయి. ఇది కొత్త వేషం కాదు. 2008లో డెనాన్ తన ప్లేయర్‌నూ రిసీవర్‌నూ కలిపే ఒకటిన్నర మీటరు తీగను ఇలాగే దిశ గుర్తులతో, కళ్లు తిరిగే ధరకు అమ్మి నవ్వులపాలైంది. గిగాబిట్ ఈథర్‌నెట్‌లోనైతే నాలుగు జంటల మీదా సంకేతం ఒకేసారి రెండు వైపులా వెళుతుంది. బాణం వేయాలంటే రెండు మొనలతో వేయాలి.

రొద పోయింది ఎలాగంటే, కంప్యూటర్ వెనక అప్పటికే ఉన్న ఆప్టికల్ పోర్టుకు ఒక ప్లాస్టిక్ కాంతి తీగ తగిలించాను. కాంతికి ఎర్త్ ఉండదు. ఈల, గరగర, హోరు అదే నిమిషంలో మాయం. ఆ తీగ నా సొరుగులో ఏళ్లుగా పడి ఉంది.

ఎస్‌ఎస్‌డీ గురించి ఎక్కువ రాయను. ఒకే ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించిన సంగీతం) ఫైలును రెండు డ్రైవుల్లో పెట్టి చెక్‌సమ్, అంటే ఫైలులోని బిట్లన్నిటి నుంచి లెక్కగట్టే తనిఖీ సంఖ్య, తీశాను, రెండూ ఒకటే. పాట మెమరీలోకి వచ్చాక డ్రైవు ఖాళీగా కూర్చుంటుంది. ఇందులో వినడానికి ఏముంది?

లీనియర్ పవర్ సప్లై విషయంలో మాత్రం నా మీద నాకే కోపం. బరువైన ట్రాన్స్‌ఫార్మర్, స్వచ్ఛమైన 12 వోల్టులు. తీరా ఆ స్వచ్ఛమైన విద్యుత్తు మదర్‌బోర్డు చేరగానే, ప్రాసెసర్‌కు కావలసిన ఒక వోల్టు చుట్టుపక్కలకు దించడానికి అక్కడి స్విచింగ్ రెగ్యులేటర్లు దాన్ని సెకనుకు లక్షల సార్లు తరుగుతాయి. వడకట్టిన నీళ్లు తెచ్చి బురదగుంటలో పోసినట్టు. పైగా వేసవిలో చెయ్యి పెట్టలేనంత వేడి. రెండో ఏడాది ఒకసారి చెడిపోయింది, బాగుచేయించిన ఖర్చుతో మంచి హెడ్‌ఫోన్లే వచ్చేవి.

స్విచ్‌కు న్యాయం చేయాలి కదా. స్విచ్‌గా ఇది మంచి స్విచ్. మూడేళ్లలో ఒక్కసారి కూడా మొరాయించలేదు, ఫ్యాను లేదు, పోర్టులు బిగువుగా ఉన్నాయి, కింద పడినా సొట్ట పడదు. ఈ మాటలన్నీ నా పాత మామూలు స్విచ్‌కూ వర్తిస్తాయి, సొట్ట సంగతి తప్ప.

కొన్న ఆ ఇద్దరిలో ఒకరికి ఈ పరీక్ష గురించి చెప్పాను. ‘నాకైతే తేడా వినిపిస్తోందండీ’ అన్నారు. వినిపిస్తోందనడంలో అబద్ధం లేదు, నాకూ వినిపించింది. తలుపు అవతల ఒకరిని కూర్చోబెట్టుకుని, నాణెంతో ఒక సాయంత్రం గడపమని మాత్రం చెప్పాను. ఇంకా కబురు రాలేదు.

స్విచ్ ఇప్పుడు ప్రింటర్‌కూ, మా అమ్మాయి చదువుకునే కంప్యూటర్‌కూ సేవ చేస్తోంది. ముందు పలక మీది నీలం దీపం రాత్రి కళ్లలో పడుతోందని అమ్మాయి దాని మీద నల్ల టేపు అంటించింది.