చచ్చిన రెయిన్‌డీర్‌కు డబ్బివ్వడమా, బతికున్న వుల్వరిన్‌కు డబ్బివ్వడమా: ఏది మేలు?

చలిదేశాల్లో తిరిగే మాంసాహార జంతువు వుల్వరిన్. బరువు పది నుంచి పదిహేను కిలోలు, అంటే మన ఊరకుక్కంత. అది తనకంటే ఐదారు రెట్లు బరువున్న మంచుసీమ జింక రెయిన్‌డీర్‌ను పడగొడుతుందంటే నమ్మబుద్ధి కాదు. కానీ మెత్తటి మంచు లోతుగా పడ్డప్పుడు కథ మారిపోతుంది. దీని పాదాలు వెడల్పు కాబట్టి పైపైనే పరుగెడుతుంది, రెయిన్‌డీర్ మాత్రం కూరుకుపోయి కదల్లేదు. స్వీడన్, నార్వే ఉత్తరాన రెయిన్‌డీర్ మందలు మేపుకునే సామీ ఆదివాసీ కాపరులకు ఇది తరాల నాటి తలనొప్పి.

వుల్వరిన్‌కు స్వీడన్ 1969లో చట్టరక్షణ ఇచ్చింది. నార్వే 1973లో దక్షిణ భాగంలో, 1982కల్లా దేశమంతటా ఇచ్చింది. చట్టం చేయడం తేలికే, మరి మందలో పోయిన జంతువుల నష్టం ఎవరు భరించాలి? ఇక్కడే పక్కపక్కనున్న రెండు దేశాలు రెండు దారులు పట్టాయి.

నార్వేది మనకు బాగా తెలిసిన దారే: నష్టం జరిగాక పరిహారం. ఆసిఫాబాద్ వైపు పులి ఆవును కొడితే అటవీ శాఖవాళ్లు వచ్చి కళేబరం చూసి రాసుకుంటారు కదా, దాదాపు అదే లెక్క. కాకపోతే ఆవు సాయంత్రానికి ఇంటికి రాలేదంటే రైతుకు వెంటనే తెలుస్తుంది, రెయిన్‌డీర్ మంద కొండల మీద వందల చదరపు కిలోమీటర్లలో తిరుగుతుంటుంది. కళేబరం దొరికినా పని అంతటితో అయిపోదు. తనిఖీకి వచ్చినవాళ్లు మెడ దగ్గర తోలు ఒలిచి చూస్తారు. పంటిగాటు చుట్టూ తోలు కింద రక్తం గడ్డకట్టి ఉంటే కరిచినప్పుడు జంతువు బతికే ఉందని అర్థం, అప్పుడు అది వేటే. రక్తం చేరకపోతే ముందే చచ్చినదాన్ని ఎవరో తిన్నట్టు. వుల్వరిన్ రెండూ చేస్తుంది మరి, సొంతంగా చంపుతుంది, లింక్స్ అనే అడవిపిల్లి చంపి వదిలినదీ లాక్కుంటుంది. పైగా దొరికిన మాంసాన్ని ఒకచోట ఉంచదు, తల ఒకవైపు, కాళ్లు ఒకవైపు మోసుకెళ్లి మంచులోనో బురదనేలలోనో బండసందులోనో దాచేస్తుంది. నేరం చేసినోడే సాక్ష్యాన్ని మూటగట్టుకుని పోతే పంచనామా ఎవరి మీద రాస్తారు? మేలో పుట్టే దూడల సంగతి ఇంకా ఘోరం, నక్కలూ కాకులూ పని పూర్తి చేశాక చూడ్డానికి ఏమీ మిగలదు. అందుకే రుజువయ్యేవి పోయినవాటిలో చిన్న భాగమే, మిగతాదంతా అంచనా. కాపరి ఒక సంఖ్య చెబుతాడు, ఆఫీసు దాన్ని కోస్తుంది, ప్రతి ఏడూ అదే గొడవ. తన మాట అబద్ధమని అధికారి మొహం మీదే అన్నట్టుంటుంది కాపరికి. డబ్బు తక్కువైందన్న బాధ కంటే ఇదే ఎక్కువ కాలుస్తుందనుకుంటా.

స్వీడన్ 1996లో లెక్కను తలకిందులు చేసింది. ఎన్ని రెయిన్‌డీర్లు చచ్చాయని అడగడం మానేసి, ఎన్ని వుల్వరిన్లు పిల్లలు పెట్టాయని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆడది ఫిబ్రవరి, మార్చిలో మంచులో బొరియ తవ్వి రెండు మూడు పిల్లల్ని పెడుతుంది. కాపరులు, కౌంటీ సిబ్బంది అడుగుజాడలు పట్టుకుని ఆ బొరియను కనిపెట్టి ఖాయం చేస్తే ఆ ప్రాంతపు సామీ సంఘానికి 200,000 క్రోనర్లు, మన లెక్కన 15 లక్షల పైమాటే. ఆ పిల్లలు పెరిగి మున్ముందు చేయబోయే నష్టాన్ని అంచనా వేసి కట్టిన మొత్తం అది. డబ్బు సంఘానికి వెళ్తుంది, పంచుకోవడం వాళ్ల ఇష్టం.

దీనిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. నార్వే పద్ధతిలో కాపరి రాత్రింబవళ్లు మందను కాచి నష్టం తగ్గించుకుంటే పరిహారమూ తగ్గుతుంది, కష్టపడినందుకు జరిమానా అన్నమాట. స్వీడన్‌లో బొరియ డబ్బు ఎలాగూ వస్తుంది, కాచి కాపాడుకున్న ప్రతి దూడా అదనపు లాభమే. ఇంకో సంగతి, నార్వేలో వుల్వరిన్ చస్తే కాపరికి పోయేది ఏమీ లేదు, స్వీడన్‌లో పిల్లలు పెట్టే ఆడది చస్తే సంఘం జేబుకే చిల్లు. ఇది ఊహ కాదు. 2015లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం స్వీడన్‌లో వుల్వరిన్ల ప్రసవాలు పదేళ్లలోపే రెట్టింపుకు పైగా పెరిగాయి, దొంగచాటు వేట నుంచి పెద్ద ఆడవాటికి ఈ డబ్బే రక్షణ అయింది.

అలాగని స్వీడన్ కాపరులు సంబరాలు చేసుకోవడం లేదు. ఆ 200,000 అనే అంకె ఏళ్ల తరబడి కదలకుండా కూర్చుంది, మాంసం ధర, స్నో స్కూటర్ పెట్రోలు ధర మాత్రం ఆగలేదు. బొరియ ఒక సంఘం నేలలో ఉంటుంది, పెరిగిన పిల్లలు పక్క సంఘం మందల మీద పడతాయి, అప్పుడు డబ్బు ఒకరికి, దెబ్బ ఇంకొకరికి. మాంసాహార జంతువుల వల్ల పోయేది మందలో పది శాతం దాటకూడదని పార్లమెంటు 2013లో గీత గీసింది, కొన్ని సంఘాల్లో ఎప్పుడో దాటిపోయిందన్నది కాపరుల వాదన. పోయింది మంచి ఈనిక మీదున్న ఆడ రెయిన్‌డీర్ అయితే ఆ వంశాన్ని ఏ చెక్కూ తిరిగి తేలేదు, అది వేరే సంగతి.

మూడో దారి తుపాకీ. నార్వే పార్లమెంటు ఏటా 39 ప్రసవాలు చాలని లక్ష్యం పెట్టుకుంది. అందుకని సెప్టెంబరు 10 నుంచి ఫిబ్రవరి 15 దాకా లైసెన్సు వేట ఉంటుంది, కోటా నిండకపోతే వసంతంలో ప్రభుత్వ సిబ్బందే బొరియ దగ్గరికెళ్లి తల్లినీ పిల్లల్నీ చంపుతారు. ఆ కొండకు ఆ ఏడు ఉపశమనం దొరుకుతుంది, కాదనను. కానీ సరిహద్దు అవతల స్వీడన్ డబ్బిచ్చి పెంచుతుంటే ఇవతల చంపుతూ కూర్చుంటే ఖాళీ అయిన చోటికి కొత్తవి రాక మానతాయా? చూడ్డానికే కడుపులో తిప్పే పని, పైగా ఏటా మళ్లీ చేయాల్సిందే.

నా ఓటు స్వీడన్‌కే, అయితే రెయిన్‌డీర్ మేపే చోట మాత్రమే. నార్వేలో గొర్రెలు వేసవంతా కాపలా లేకుండా కొండల్లో తిరుగుతాయి, వాటినీ వుల్వరిన్ వదలదు. అక్కడ గొర్రెలు విడివిడి రైతులవి, ఎవరి మందను తింటుందో తెలియని వుల్వరిన్ బొరియకు డబ్బు ఏ రైతుకిస్తాం? వాళ్లకు నష్టపరిహారం, శరదృతువులో మందను ముందుగా కిందికి దించడం, ఇవే నయం. సామీ సంఘాలకైతే సొంత మేత హద్దులున్నాయి, ఉమ్మడి ఖాతా ఉంది, మంచు మీద జాడ చదివే కళ్లున్నాయి, కాబట్టే ఈ పద్ధతి అక్కడ నడిచింది.

ఒక్క షరతు మాత్రం తప్పదు. బొరియ రేటు మాంసం ధరతో పాటు ఏటా పెరగాలి, పొరుగు సంఘానికీ అందులో వాటా ఉండాలి. లేకపోతే జాడ కనిపించినా ఆఫీసుకు ఫోన్ చేయాలా, కిమ్మనకుండా తుపాకీ తీయాలా అని కాపరి మళ్లీ లెక్కలు వేసుకుంటాడు.