ఈటింగ్ డిజార్డర్ ఉన్న అమ్మల వీడియో కౌన్సెలింగ్: నా రివ్యూ (4/5)

సర్వీస్ పేరు రాయట్లేదు, ఇలాంటివి ఇంకా ఉంటాయి, మీరు చూసుకోవాల్సింది పద్ధతి. మనం పాపకి తినిపిస్తుంటే ఫోన్‌లో వీడియో తీసి పంపాలి, తర్వాత కౌన్సిలర్ మనతో కూర్చుని ఆ వీడియోని ఆపుతూ ఆపుతూ చూపిస్తారు. తిట్టడాలు, సలహాల చిట్టా ఏమీ ఉండవు, "ఇక్కడ పాప ఏం అడుగుతోందనిపిస్తోందండీ?" అంటారు, అంతే.

నాకు బులీమియా ఉంది, అంటే ఆపుకోలేక అతిగా తినేసి, లావైపోతానన్న భయంతో వాంతి చేసుకోవడం లాంటివి చేసే జబ్బు, కాన్పుతో పోయేది కాదది. పాప బొద్దుగా అయిపోతుందేమోనని ఒక పక్క భయం, అసలు తినట్లేదని ఇంకో పక్క కంగారు, పైగా దాని మూతికి కాస్త అంటుకున్నా నేను చూడలేను. మొదటి వీడియోలో అంతా అదే, పాప స్పూన్ కోసం చెయ్యి చాపుతుంది, నేను ఆ చెయ్యి పక్కకి తీసి మూతి తుడుస్తా, అది తల తిప్పేసుకుంటుంది, నేను మళ్ళీ స్పూన్ పెడతా, ఇక ఏడుపు. కౌన్సిలర్ సరిగ్గా ఆ చెయ్యి దగ్గర ఆపి, సౌండ్ తీసేసి మళ్ళీ వేశారు. మా ఇంట్లో అందరం మొండితనం అంటున్నది ఇదే, చూస్తే అది తనంతట తాను తినాలని చూస్తోంది పాపం! ఆకలేసినప్పుడు అడగడం, చాలనిపిస్తే ఆపడం పిల్లలు నేర్చుకునే వయసు ఇదేనట, అందుకే బరువు ఒక్కటే చూస్తే సరిపోదంటారు వీళ్ళు.

ఈ పద్ధతికి వెనక రీసెర్చ్ గట్టిగానే ఉంది. అలన్ స్టైన్ అనే సైకియాట్రిస్ట్, ఆయన టీమ్ 2006లో 80 మంది ఇలాంటి తల్లులతో 13 సెషన్లు చేసి చూశారు, పిల్లలకి 4-6 నెలలున్నప్పుడు మొదలుపెట్టి. సగం మందికి ఈ వీడియో పద్ధతి, సగం మందికి మామూలు కౌన్సెలింగ్. చివరిదాకా ఉన్న 77 మందిని చూస్తే, తిండి దగ్గర గొడవ బాగా ఉన్నవాళ్ళు మామూలు కౌన్సెలింగ్ గ్రూపులో 39 మందిలో 21 మంది, వీడియో గ్రూపులో 38 మందిలో 9 మందే. నాకైతే ఇంత తేడా అంటే చిన్న విషయం కాదు.

ఒక స్టార్ ఎందుకు తీసేశానంటే, చేరేటప్పుడు ఫారంలో మొట్టమొదటి ప్రశ్నే కాన్పుకి ముందు బరువెంత, ఇప్పుడెంత అని. ఈ జబ్బున్న మనిషిని ముందుగా అడిగే మాటేనా అది? అక్కడే మూసేసి వెళ్ళిపోయే తల్లులు ఖచ్చితంగా ఉంటారు, నాకు నిజంగా కోపం వచ్చింది. ఇంకోటి, మన జబ్బుకి ఇందులో ట్రీట్‌మెంట్ లేదు, ఆ స్టడీలో రెండు గ్రూపులకీ బులీమియాకి సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకునే థెరపీ) సెల్ఫ్‌హెల్ప్ కూడా పక్కనే నడిపారు, ఇక్కడ మాత్రం దానికి వేరే డాక్టర్ని మనమే వెతుక్కోవాలి. వీడియో అప్‌లోడ్ కూడా స్లో, అది పర్లేదు సర్దుకోవచ్చు.

డాక్టర్‌కి కూడా చెప్పుకోకుండా దాచుకుంటున్న అమ్మలు దయచేసి ట్రై చేయండి, ఇక్కడ నన్ను ఎవరూ చెడ్డ తల్లిలా చూడలేదు. చేరేముందు ఫస్ట్ కాల్‌లోనే సీబీటీ సంగతి అడగండి, బరువు కాలమ్ ఖాళీగా వదిలేస్తానని కూడా చెప్పేయండి, ఒప్పుకుంటారు.