ఆల్గ్‌ప్రెడ్ 2.0: అలర్జీ ప్రోటీన్లను అంచనా వేసే ఉచిత సర్వర్‌పై సమీక్ష

హనుమకొండలో బయోటెక్నాలజీ పీజీ విద్యార్థుల ప్రాజెక్టులు చూస్తుంటాను కనుక ఈ సర్వర్‌తో నాకు తరచుగా పని పడుతుంది. ఢిల్లీ ట్రిపుల్ ఐటీలో జి.పి.ఎస్. రాఘవ బృందం దీన్ని రూపొందించింది. 2006 నాటి పాత కూర్పుకు ఇది 2021లో వెలువడిన కొత్త రూపం. ప్రోటీన్ వరుసను, అంటే దానిలోని అమైనో ఆమ్లాల క్రమాన్ని, ఒక్కో ఆమ్లానికి ఒక్కో అక్షరంగా రాసే ఫాస్టా రూపంలో అతికిస్తే, అది అలర్జీ కారకం కావచ్చో కాదో స్కోరుతో సహా చెబుతుంది. రుసుమేమీ లేదు.

సకినాల పిండిలో కలిపే నువ్వుల్లోని సెస్ ఐ 1, పల్లీల్లోని అరా హెచ్ 2 రెండూ 2ఎస్ ఆల్బుమిన్ అనే గింజల ప్రోటీన్ల కుటుంబానికి చెందిన పేరుమోసిన అలర్జీ కారకాలు. మా విద్యార్థులు మొదట వీటితోనే సర్వర్‌ను పరీక్షించబోతారు. అయితే అవి ఏనాడో అలర్జీ కారకాల పట్టికలకెక్కిన ప్రోటీన్లు కాబట్టి, ఆ పరీక్ష గైడులోని ప్రశ్ననే మళ్లీ అడిగినట్టు ఉంటుంది. అసలు చిక్కు ట్రోపోమయోసిన్ దగ్గర వస్తుంది. రొయ్యల్లో ఉండే ఈ ప్రోటీన్ ప్రధాన అలర్జీ కారకం. కోడి మాంసంలోని ట్రోపోమయోసిన్ వరుసలో సగానికి పైగా దీన్ని పోలి ఉన్నా సాధారణంగా అలర్జీ కలిగించదు. తెలిసిన అలర్జీ కారకంతో ఎనభై అమైనో ఆమ్లాల నిడివిలో 35 శాతానికి మించి పోలిక ఉంటే అనుమానించాలన్న 2001 నాటి ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల (ఎఫ్‌ఏఓ, డబ్ల్యూహెచ్‌ఓ) నిపుణుల సూత్రం ప్రకారం కోడి కూడా దోషే అవుతుంది. ఉదాహరణల నుంచి కంప్యూటర్ తానే నేర్చుకునే మెషీన్ లెర్నింగ్ అవసరం ఇక్కడే కనబడుతుంది.

కానీ ఈ సర్వర్‌లోని ర్యాండమ్ ఫారెస్ట్ అనే మెషీన్ లెర్నింగ్ నమూనా ఇరవై అమైనో ఆమ్లాలు ఏ పాళ్లలో ఉన్నాయన్నదే చూస్తుంది, వాటి క్రమాన్ని చూడదు. రొయ్య ప్రోటీన్‌లోని 284 అక్షరాలను ఇష్టమొచ్చినట్టు తారుమారు చేసినా పాళ్లు మారవు కనుక ఆ నమూనా ఇచ్చే స్కోరూ మారదు. అందువల్ల బ్లాస్ట్ పోలికను (తెలిసిన ప్రోటీన్ల వరుసలతో సరిపోల్చడం), మోటిఫ్ అన్వేషణను (అలర్జీ కారకాల్లో పదేపదే కనిపించే చిన్న వరుసలను వెతకడం) దానికి జోడించిన మిశ్రమ పద్ధతినే ఎంచుకోమని విద్యార్థులకు చెబుతాను. ఆ పద్ధతిలో వచ్చేది మూడింటి స్కోర్ల కూడిక కాబట్టి దాన్ని శాతంగా చదవకూడదు.

నాకు బాగా నచ్చినది ఐజీఈ ఎపిటోప్‌లను, అంటే అలర్జీలో పాల్గొనే ఐజీఈ యాంటీబాడీ అతుక్కునే ప్రోటీన్ భాగాలను, గుర్తించే విభాగం. ప్రయోగాల్లో నిర్ధారణ అయిన 10,451 ఎపిటోప్‌లతో పోల్చి, ప్రోటీన్‌లో ఏ భాగం అనుమానాస్పదమో అది చూపిస్తుంది. వట్టి అవును, కాదు అనే జవాబుకన్నా ప్రయోగశాలలో పని చేసేవారికి ఇదే పనికొస్తుంది.

అలర్జీ కారకాలు 10,075, కానివి 10,075 చొప్పున సమానంగా తీసుకుని ఈ సర్వర్‌కు శిక్షణ ఇచ్చి, పరీక్షించారు. ప్రకృతిలో ఆ నిష్పత్తి ఉండదు. ఒక గింజలోని వేల ప్రోటీన్లన్నింటినీ ఇందులో పోస్తే తప్పుడు అనుమానాలే ఎక్కువగా బయటపడే ప్రమాదం ఉంది. పల్లీలను వేయించినప్పుడు ప్రోటీన్ ఎలా మారుతుందో, కడుపులో ప్రోటీన్లను అరిగించే పెప్సిన్‌కు ఎంతసేపు తట్టుకుంటుందో ఈ అంచనా లెక్కలోకి తీసుకోదు. కాబట్టి ప్రయోగానికి ముందు జల్లెడ పట్టడానికి మాత్రమే దీన్ని సిఫారసు చేస్తాను; ఒంటికి ఏది పడదో తెలుసుకోవాలనుకునే రోగులు అలర్జీ వైద్యుణ్ణే సంప్రదించాలి. పెద్ద సంఖ్యలో వరుసలున్న పరిశోధకులు వెబ్ పేజీకి బదులు సొంత కంప్యూటర్‌లోకి దించుకునే కూర్పును వాడటం మేలు, అందుకు పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో కొంత పరిచయం ఉంటే సరిపోతుంది.