రూ.18,000 పెట్టి సున్నాలు కొన్నాను, మీరు కొనకండి

కోపంలో రాస్తున్నా, అటూ ఇటూ ఉంటే సర్దుకోండి. మన తెలుగు క్రిప్టో టెలిగ్రామ్ గ్రూపుల్లో రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగ్ బొమ్మతో పాటు "ఏజెంట్ రెడీ డేటా టూల్, ఈ రోజే ఆఖరు" అని ఒకాయన పెడుతుంటాడు కదా, ఆయన సంగతే. ఏజెంట్ అంటే చెప్పిన పనిని తనంతట తానే చేసుకుపోయే ఏఐ ప్రోగ్రామ్. పేరు రాయను, రాయకపోయినా మీకు తెలుసు.

నేను కడపలో చిన్నాచితకా ఆటోమేషన్ పనులు చేస్తుంటా. కోటిరెడ్డి సర్కిల్ దగ్గర ఒక ఆడిటర్ సార్ ఉన్నారు, క్రిప్టో కొని అమ్మిన కుర్రాళ్లు రిటర్నుల కోసం ఆయన దగ్గరికి వస్తున్నారు, ఒక్కొక్కరివి వందల లావాదేవీలు, ఏ తేదీన ఏ కాయిన్ ఎంతుందో వెతకలేక ఒక ఏజెంట్ తయారుచేసి ఇవ్వమన్నారు. దానికి ధరల డేటా కావాలని ఆ టెలిగ్రామ్ ఆయన టూల్‌కు ఏడాదికి కట్టేశా. కాయిన్‌గెకో లాంటి క్రిప్టో ధరల సైట్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఈయనా రూపాయల్లో ధరలు ఇస్తానన్నాడు, పైగా మనవాడు, ఫోన్ చేస్తే ఎత్తుతాడు అనుకున్నా. ఎత్తాడు, డబ్బులు పడేదాకా.

ఏజెంట్‌తో పని చేయించేవాళ్లకు ఇది తెలిసిందే, టూల్ ఎంత ముఖ్యమో దాని డాక్యుమెంట్, అంటే ఎలా వాడాలో రాసిన పేజీ, అంతకంటే ముఖ్యం. ధర సున్నా అని కనిపిస్తే మనిషి ఇదేందబ్బా అని ఆగుతాడు. నా ఏజెంట్ ఆగలేదు, డాక్యుమెంట్‌లో ఏముంటే అదే దానికి వేదం. ఈయన డాక్యుమెంట్‌లో, ఆ తేదీకి ధర లేకపోతే ఎర్రర్ వస్తుందని ఉంది. సరే, ఎర్రర్ వచ్చినవన్నీ పక్కన పెట్టి మనిషికి చూపించమని ఏజెంట్‌కు చెప్పా. ఒక్క ఎర్రర్ రాలేదు. ఎంత మంచి టూలో అని మురిసిపోయా, ఇంట్లో కూడా గొప్పగా చెప్పా, ఇప్పుడు తల్చుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

ధర లేని చోటల్లా సున్నా ఇస్తోంది, అంతా బ్రహ్మాండంగా ఉందని 200 కోడ్ (అడిగింది సరిగ్గా దొరికిందని ప్రోగ్రామ్‌కు చెప్పే నంబరు) పెట్టి మరీ! దీనివల్ల ఏమవుతుందో చూడండి. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసేయనివ్వరు. కాయిన్ ఇచ్చి కాయిన్ తీసుకున్న చోట ఆ కొన్న ధర రూపాయల్లో ఎంతో ఈ డేటా నుంచే రావాలి. 40,000 విలువకు తీసుకుని 52,000కు అమ్మితే లాభం 12,000, పన్ను 3,600. కొన్న ధర సున్నా అయిందనుకోండి, 52,000 మొత్తం లాభమే, పన్ను 15,600, సెస్సు కాక. సార్ షీటు తిరగేసి, "ఏమయ్యా, ఈ పిల్లోడికి కాయిన్లు ఎవరన్నా దానమిచ్చినారా?" అన్నారు. అందరి ముందూ. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రిటర్ను వేయకముందే చూశారు, అదొక్కటే నా అదృష్టం.

ఆ రాత్రి టూల్ అమ్మినాయనకు మెసేజ్ పెట్టా, మర్యాదగానే, స్క్రీన్‌షాట్లతో సహా. పొద్దున తొమ్మిదికి జవాబు: "డాక్యుమెంట్ చదవండి బ్రో". కింద లింకు. తెరిచా. ధర లేని తేదీలకు 0 వస్తుంది, వాడేవారు సరిచూసుకోవాలి, అని ఉంది. మూడుసార్లు చదివా. నాకే మతి పోయిందా, మొదట్లో నేనే చూసుకోలేదా అని కాసేపు నిజంగా అనుకున్నా, ముందున్న కారం దోశ చల్లారిపోయింది. నిన్నటిదాకా ఇలా లేదు కదండీ అని అడిగితే, "మొదటినుంచీ ఇంతే. ఇది ఏజెంట్లు చదవడానికి రాసింది, మీకు అర్థం కాకపోతే మీ ఏజెంట్‌నే అడిగి చెప్పించుకోండి" అని, పక్కన నవ్వే బొమ్మ. డబ్బులు పోయినందుకు కాదు, ఆ నవ్వే బొమ్మకు మండుతోంది నాకు.

సరే అని ఏజెంట్‌నే అడిగా. నా ఏజెంట్ పని మొదలుపెట్టిన ప్రతిసారీ ఆ డాక్యుమెంట్ చదివి, చదివిందంతా లాగ్‌లో, అంటే తన పనుల చిట్టాలో, దాచుకుంటుంది. పాత వాక్యం అక్షరం పోకుండా ఉంది, తేదీ, టైముతో సహా. అది పంపించా. రెండు టిక్కులు పడ్డాయి. ఐదు నిమిషాల్లో నన్ను గ్రూపులోంచి తీసేశాడు, నంబరు బ్లాక్. ఇంత డబ్బు బిల్లు లేకుండా ఆయన సొంత యూపీఐకి కొట్టిన తెలివి నాది, ఎవర్ని అని ఏం లాభం.

ఎలాంటి డేటా టూల్ కొన్నా ముందు ఒక పని చేయండి. 2005లో ఏదో ఒక తేదీకి బిట్‌కాయిన్ ధర అడగండి. బిట్‌కాయిన్ మొదలైందే 2009 జనవరి 3న, కాబట్టి ఎర్రర్ రావాలి. సున్నా వచ్చిందా, వదిలేయండి. కాయిన్‌ను బీటీసీ లాంటి పొట్టి పేరుతో కాకుండా టూల్ ఇచ్చే ఐడీతో అడగమని ఏజెంట్‌కు చెప్పండి, ఒకే పొట్టి పేరుతో వేర్వేరు కాయిన్లు ఉంటాయి. డాక్యుమెంట్ కాపీ కొన్న రోజే దాచుకోండి. బిల్లు ఇవ్వనంటే కొనకండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయమని మా తమ్ముడు అంటున్నాడు, రేపు చేస్తా. ఆ గ్రూపులో ఇంకా ఉన్న స్నేహితుడు ఇప్పుడే స్క్రీన్‌షాట్ పంపాడు, ఈ రోజు కూడా "ఈ రోజే ఆఖరు" అని పెట్టాడట.